భార్యకు అభ్యంతరం లేదు

“రద్దు! అంతా రద్దు! నువ్వు తొందరపడి ఏమీ కట్టకు!”

ఫోన్లో ఆయన గొంతు అలా వినబడింది. వెనక జనం గోల. ఎవరో ఎవరినో తోస్తున్నారు, తోయబడ్డవాడు తోసినవాడి వంశాన్ని తిరగేస్తున్నాడు, మధ్యమధ్య లారీ హారన్లు. ఆ హోరులో మొదట “బదిలీల...” అన్న ముక్క ఒకటి తేలింది. తర్వాత ఈ మాటలు తేలాయి. ఆ తర్వాత ఫోనే మునిగిపోయింది.

ఆవిడ అప్పుడు పరుపు కడుతోంది. చాపలా చుట్టి, తాడు రెండు వరసలు తిప్పి, మోకాలితో అదిమి బిగిస్తోంది. మోకాలు పైకి లేచింది. పరుపు బుస్సుమని విచ్చుకుంది. ఆ ఇంట్లో ముందుగా ఊపిరి పీల్చుకున్నది అదే.

“ఏమంటున్నారు?” అంది పెద్దమ్మాయి, పుస్తకం మీంచి తలెత్తకుండా. నాన్న అన్న మాట ఎత్తకుండా నాన్న గురించి అడగడం బదిలీ ఆర్డరు వచ్చిన నెల రోజులుగా ఆ పిల్ల సాధించిన విద్య.

“రద్దయిందట.”

“ఏంటి?”

“బదిలీ. అంతా రద్దట. ఏమీ కట్టొద్దన్నారు.”

పుస్తకం కింద పడింది. చిన్నది రెండో గదిలోంచి పరుగెత్తుకొచ్చి, సంగతేమిటో తెలియకుండానే గెంతడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లకు గెంతు ముందు, కారణం తర్వాత.

హాల్లో తొమ్మిది నల్ల ఇనప్పెట్టెలున్నాయి. ఒక్కొక్కదాని మూత మీదా తెల్లరంగుతో ఆయన సైన్యం నంబరు, దాని కింద వెళ్ళబోయే ఊరు. ఆ ఊరి కింద, నల్లరంగు పూసినా దాగకుండా, అంతకుముందు వెళ్ళిన ఊళ్ళు. గోటితో గీకితే ఆవిడ పద్దెనిమిదేళ్ళ కాపురం పొరలు పొరలుగా ఊడివస్తుంది. ఆరు పొరలు. ఇది ఏడోది.

ఏడుసార్లూ ఆయన అన్న మాట ఒక్కటే. “సర్దుకో.” సామాను సర్దుకోమన్నా అదే మాట, కొత్తచోట కాస్త సర్దుకోమన్నా అదే మాట. మాటల్లో అంత పొదుపు. ఆవిడ రెండూ సర్దుకుంది. మొదటి సర్దుడు చేరిన మర్నాడే విప్పేసేది. రెండోది ఇంతవరకూ విప్పలేదు.

ఇల్లు అనడం అలవాటు కొద్దీ అనడమే. ప్రభుత్వం వారు దానికి క్వార్టరు అని పేరు పెట్టారు. ఆ విషయంలో వాళ్ళు నిజాయితీపరులు. ఇది పావు వంతే, మిగతా ముప్పావు ఎక్కడో మీరే వెతుక్కోండి అని ముందే చెప్పేశారు.

“సుత్తి ఎక్కడుంది?” అంది ఆవిడ.

“నాలుగో పెట్టెలో, అడుగున.”

“తియ్యి.”

“అడుగునమ్మా! పైన చీరలు, పళ్ళేలు, నాన్న కోట్లు...”

“అన్నీ తియ్యి.”

నిన్ననే గోడల మేకులన్నీ పీకి, చిల్లుల్లో తెల్లసబ్బు కూరి, వేలితో నున్నగా రుద్దారు తల్లీకూతుళ్ళు. క్వార్టరు అప్పగించేటప్పుడు గోడకు చిల్లు కనబడకూడదు. ఆరు ఊళ్ళ గోడలకు ఆవిడ అలాగే సబ్బు పెట్టి వచ్చింది. సైన్యం వారి గోడలు ఆవిడ ఒంటికంటే ఎక్కువ సబ్బు చూశాయి.

“పాత చిల్లుల్లోనే కొట్టాలా, కొత్తవి పెట్టాలా?” చిన్నది మేకుల డబ్బా గలగలలాడిస్తూ అడిగింది.

“పాతవాటిలోనే. అవి మనవి.”

టకటకమని గోడ గడియారం ఎక్కింది. అద్దం ఎక్కింది. పిల్లలిద్దరి ఫొటో ఎక్కింది. నాలుగు మేకులు దిగేసరికి పెద్దమ్మాయి గొంతు కూడా దిగింది.

“అమ్మా, అయితే నేను పరీక్షలు ఇక్కడే రాస్తానా? ఈ బడిలోనే?”

“ఇక్కడే.”

“మూడు నెలల ముందు కొత్త బడికెళ్ళి, కొత్త పుస్తకాలు కొనుక్కుని, ‘నువ్వెక్కణ్ణుంచి వచ్చావు’ అని నలభై మంది అడిగితే నలభైసార్లు చెప్పి...”

“అక్కర్లేదు. అంతా రద్దు.”

ఆ పిల్ల నవ్వింది. నెల రోజులుగా ఆ మొహం మీద అలాంటిది ఒకటి ఉంటుందన్న సంగతి ఇంట్లోవాళ్ళు మరిచిపోయారు.

ఆవిడ చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?”

“ఆస్పత్రికి. నేను కూడా ఒకటి రద్దు చేసుకోవాలి.”

*

ఆవిడ చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. చప్పుడు చొరబడకుండా గోడలకు మెత్తటి పలకలు తాపిన చిన్న గది. అందులో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఆవిడ గాజు కిటికీకి ఇవతల మిషను ముందు కూర్చుంటుంది. సన్నటి కూతలు ఒక్కొక్కటే పంపుతుంది. వినబడితే మీట నొక్కాలి. తర్వాత నోటికి అట్టముక్క అడ్డం పెట్టుకుని మాటలు చెబుతుంది. బడి, గడి, తడి, మడి. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ఊరందరి చెవులకూ మార్కులు వేసే ఉద్యోగం.

దానికి మొన్ననే రాజీనామా ఇచ్చింది. ఆరు ఊళ్ళలో ఆరు ఉద్యోగాలకు ఇచ్చినట్టే. రాజీనామాలో రాజీ ప్రతిసారీ ఆవిడదే, నామమూ ఆవిడకే.

చెవి డాక్టరు పెద్దవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు.

“ఏమ్మా, సామాను ఎక్కించేశారా?”

“లేదండీ. మొన్న ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుందామని.”

“రేపు పదింటికి కొత్తమ్మాయి చేరుతోందే!”

“బదిలీ రద్దయిందండీ.”

“ఎవరు చెప్పారు?”

“మా ఆయనే ఫోన్ చేశారు.”

“సరిగ్గా విన్నారా?”

“బాగుందండీ! ఊరందరికీ పరీక్ష పెట్టేదాన్ని. నన్నే అడుగుతున్నారా?”

ఇద్దరూ నవ్వారు. డాక్టరు నవ్వుతూనే ఫోన్ తీసి, “రేపు రానక్కర్లేదమ్మా, ఏమీ అనుకోకు” అని కొత్తమ్మాయికి చెప్పేశాడు. అవతల ఆ అమ్మాయి ఏమనుకుందో మరి, ఫోన్ పెట్టాక ఆయన నవ్వు సగమే మిగిలింది. సొరుగులోంచి కాగితం తీసి నిలువునా చించాడు, అడ్డంగా చించాడు.

“ఇదిగో. ఒకసారి చించాను. మళ్ళీ రాసి తెస్తే చించను, ఫైల్లో పెట్టేస్తాను. ఇటు మిమ్మల్నీ నమ్మి అటు ఇంకొకర్నీ రమ్మని, రెండు పడవల మీద కాళ్ళు పెట్టే వయసు కాదు నాది. మూడు నెలల కిందటే చెప్పాగా, మీరు ఉంటారనే ధైర్యంతో రెండో గది కట్టిస్తున్నా. వచ్చే నెల నుంచి రెండు గదులూ మీవే. మీ కింద ఇద్దరు పనిచేస్తారు. ఉంటారా?”

“ఉంటాను.”

ఇంతవరకూ ఎక్కడ ఎవరు ఆ ప్రశ్న అడిగినా “ఉన్నన్నాళ్ళూ ఉంటాను” అనేది. ఆ తోక తెంచి మాట్లాడడం ఇదే మొదలు. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

*

తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర పక్క క్వార్టరు ఆవిడ కాపు కాసి ఉంది. ఆ క్వార్టర్ల లైన్లో అందరూ ఆవిణ్ణి బ్యూగిల్ అంటారు. పొద్దున్నే ఆవిడ పంపు దగ్గర మాట్లాడితే సైన్యం వారు బూర ఊదే పని తప్పుతుంది.

“వదినా! మీ పెద్దది చెప్పింది. రద్దట కదా!”

“అవును వదినా.”

“అదృష్టం అంటే నీది. మా ఆయన్ని ఎన్నిసార్లు పోరాను, వెళ్ళి అడగవయ్యా, అడగవయ్యా అని! ‘అడిగితే అలుసు’ అంటాడు. అలుసైపోడానికి అసలంటూ ఏదో ఉండాలిగా? మీ ఆయన చూడు, వెళ్ళి అడిగాడు.”

ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది.

అడిగారా?

ఆ ఆలోచన పొద్దుట్నుంచీ ఆవిడకు రానేలేదు. ఆర్డరు వచ్చింది, ఆర్డరు పోయింది అనుకుంది, వాన వచ్చి పోయినట్టు. వాన కాదుగా. ఎవరో అడగందే దానంతటది ఎలా పోతుంది? ఆయనే అడిగి ఉంటాడు. పద్దెనిమిదేళ్ళలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, హోటల్లో ఉప్పు తక్కువైతే కూడా అడగకుండా తినేసే మనిషి, వెళ్ళి తన పెళ్ళాం కోసం నోరు తెరిచాడన్నమాట.

“కమాండరుగారు కూడా ఊళ్ళో లేరు వదినా, వారం రోజులుగా సెలవులో ఉన్నారు. మరి ఎవర్ని పట్టుకున్నాడో, ఎలా పట్టుకున్నాడో! సాయంత్రం మేమందరం వస్తున్నాం. మిఠాయి లేకపోతే ఊరుకోం!”

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళి, ఆ మాటే పిల్లలకూ చెప్పింది. ఆరో పెట్టె తెరిచి, పాత గుడ్డల్లో చుట్టిపెట్టిన ఆయన పింగాణీ కప్పు బయటికి తీసింది. చెవి విరగని కప్పు ఆ ఇంట్లో అదొక్కటే.

*

ఆయన ఆరింటికి వచ్చాడు. సైన్యం బళ్ళు బాగుచేసే మెకానిక్కు. లైన్లో పటాలం అంటారు. ఒక్కడే నడిచినా పదిమంది కవాతు చేసినట్టు చప్పుడవుతుందని.

గుమ్మంలో ఆ చప్పుడు ఆగింది.

గోడ మీద గడియారం చూశాడు. అద్దం చూశాడు. అద్దంలో తనను చూసుకున్నాడు. మూతలు తెరుచుకుని నోళ్ళు వెళ్ళబెట్టిన పెట్టెల్ని చూసి తనూ నోరు తెరిచాడు.

“ఇదేంటి?”

చిన్నది వచ్చి నడుం పట్టుకుని వేలాడింది. “రద్దు చేయించావుగా నాన్నా!”

“రద్దా?”

“నా పరీక్షల కోసం అడిగావట,” అంది పెద్దమ్మాయి. తలుపుకు ఆనుకుని, కాలి బొటనవేలితో నేల రాస్తూ. “థాంక్స్ నాన్నా.”

నెల రోజుల తర్వాత ఆ పిల్ల ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. అక్కడ ఏదో కాగితం మడత పెట్టి ఉంది. చెయ్యి దాన్ని తడిమి, తీయకుండానే కిందికి దిగింది. ఏదో అనబోయాడు. పెద్దకూతురి మొహం చూశాడు. అనలేదు. పరుపు మీద కూర్చున్నాడు.

ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. ఎదురుగా ఇనప్పెట్టె మీద కూర్చుంది.

“కష్టమై ఉంటుంది మీకు.”

“ఊఁ.”

“ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. నాకు తెలీదా?”

“ఊఁ.”

“నా ఉద్యోగం సంగతి కూడా చెప్పారా?”

ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. “ఊఁ” అన్నాడు.

ఆవిడ ఆయన మొహం చూసింది. ఆ మొహం ఆవిడకు బాగా తెలుసు. మొగుడి మొహం కాబట్టి కాదు. రోజుకు ఇద్దరో ముగ్గురో అదే మొహంతో గాజు కిటికీ అవతల కూర్చుంటారు. కూత వినబడదు. వినబడలేదని ఒప్పుకుంటే చెవుడని తేలిపోతుందని భయం. అందుకని అంచనా కొద్దీ మీట నొక్కేస్తూ ఉంటారు. కళ్ళు మాత్రం ఆవిడ చేతుల మీదే ఉంటాయి.

అలాంటివాళ్ళను పట్టుకోడానికి ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ కూతా పంపకుండా పంపినట్టు చెయ్యి కదిలిస్తుంది. నొక్కారా, దొరికారు.

“మరి కమాండరుగారు ఏమన్నారు?” అంది మెల్లిగా.

“సరే అన్నారు.”

“ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడారా?”

“ఆఁ. మంచాయన. నవ్వుతూనే...”

“ఆయన వారం రోజులుగా సెలవులో ఉన్నారండీ.”

కప్పు సగంలో ఆగింది.

పెద్దమ్మాయి నేల రాయడం మానేసింది. “నాన్నా?”

ఆయన కప్పులోకి చూశాడు. ఆ కప్పులో అడుగున ఏదో రాసి ఉన్నట్టు, చాలాసేపు చూశాడు.

“జేబులో ఏముంది?” అంది ఆవిడ.

అప్పుడే గుమ్మంలో దగ్గు వినబడింది.

*

దగ్గినాయన ఆఫీసు పెద్ద గుమాస్తా. లావుపాటి మనిషి, సన్నపాటి పెన్సిలు, చంకలో అట్ట. అప్పగింతకు ముందు క్వార్టర్లో బల్బులు, కుళాయిలు, కిటికీ అద్దాలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుపోవడం ఆయన వంతు. రెండడుగులు లోపలికి వేసి, గోడ చూసి ఆగిపోయాడు.

“ఇదేంటి పటాలం, మేకులు పీకమంటే కొట్టావు?”

“మాది రద్దయింది మావయ్యా!” అంది చిన్నది.

“ఏది?”

“బదిలీ!”

గుమాస్తా పెన్సిలు చెవిలో పెట్టి తిప్పాడు. “నా బల్ల మీంచి కాకుండా ఈ లైన్లో ఈగ కూడా బదిలీ అవదమ్మా. నాకు తెలీకుండా రద్దు చేసిందెవరు? రద్దులన్నీ కిందటి నెలలోనే అయిపోయాయి. పదకొండు మంది అడిగారు, పదకొండు మందివీ ఆపారు. మీ నాన్న అడిగితే కదా!”

“అడగడానికి వీలుందా అన్నయ్యగారూ?” అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనానికి ఆయన పరుపు మీద కొంచెం వెనక్కి జరిగాడు.

“వీలు లేకపోవడమేం చెల్లెమ్మా? పిల్లలకు పెద్ద పరీక్షలున్నా, ఇంటావిడకు ఉద్యోగం ఉన్నా, ఏడాది ఆగొచ్చు. అందరికీ కాగితం ఇచ్చాం. ఇంట్లో అడిగి రాయమన్నాం. మీవాడు రాసిచ్చాడుగా, భార్యకు అభ్యంతరం లేదు అని. కింద మీ సంతకం కూడా...”

అక్కడ ఆయనకు తను ఎక్కడున్నాడో అర్థమైంది. మిగిలిన వాక్యం మింగేశాడు.

“నేను... వంటింట్లో బల్బు చూసుకుంటాను.”

“ఉండండి. బల్బులన్నీ వెలుగుతున్నాయి. నాకు ఇప్పుడే వెలిగింది.” ఆవిడ మొగుడివైపు తిరిగింది. “ఎప్పుడు రాశారు?”

“రెండు నెలలైంది.”

“మొన్న నేను రాజీనామా ఇచ్చొచ్చి ఈ పెట్టె మీదే కూర్చుని ఏడిస్తే, మీరేమన్నారు?”

ఆయన కప్పు కింద పెట్టాడు.

“‘మన చేతుల్లో ఏముందే, పైనుంచి వచ్చిన ఆర్డరు’ అన్నారు. పైనుంచి వచ్చిందా? మీ పై జేబులోంచి వచ్చిందా?”

“నువ్వు పొద్దున నా మాట సరిగ్గా వినుంటే...”

“ఏం విన్లేదు నేను?”

“నేను రద్దు అన్నానా? రద్దీ అన్నాను! రద్దీ! బుకింగు ఆఫీసులో నిలబడ్డా పొద్దుట్నుంచీ. బదిలీల రోజులు కదా, రద్దీ, అంతా రద్దీ, లారీ పది రోజుల దాకా దొరకదు, నువ్వు తొందరపడి ఏమీ కట్టకు అన్నాను!” జేబులోంచి కాగితం తీసి పరుపు మీద పడేశాడు. పది రోజుల తర్వాత వచ్చే లారీకి బుకింగు చీటీ. “చెవుల పరీక్ష చేసేదానివి, నీకే వినబడకపోతే నాదా తప్పు?”

అంటే అన్నాడు గానీ, అన్న మాట తిరిగి తన మీదే పడుతుందని అనేశాక తెలిసింది.

“కాదు. వినడం తప్పు నాదే,” అంది ఆవిడ. “పొద్దున తప్పు నాది. సాయంత్రం? ఇంటికొచ్చాక తెలిసింది కదా నేను తప్పు విన్నానని? ‘ఊఁ’ ఎందుకన్నారు? మూడుసార్లన్నారు. నేను వరసపెట్టి అడిగాను, మీరు వరసపెట్టి ఊఁకొట్టారు. నేనేమైనా కథ చెబుతున్నానా?”

“అది థాంక్స్ చెప్పింది,” అన్నాడు పెద్దదాన్ని చూపించి. “నెల తర్వాత మాట్లాడింది. ఒక్క టీ తాగేంతసేపు... చెప్పేవాణ్ణే.”

“ఆ థాంక్స్ రద్దు,” అంది పెద్దమ్మాయి. లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడింది. వెళ్ళిపోతే బాగుండునని అందరూ అనుకునేలా నిలబడింది.

గుమాస్తా కిటికీ అద్దాలు ఉన్నాయో లేదో చూస్తున్నట్టు నటించాడు. ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచి చూశాడు.

“అక్కడికెళ్తేనే మూడో గీత ఇస్తారే,” అన్నాడు పటాలం, చొక్కా చెయ్యి మీద రెండు గీతలు వేలితో తడుముతూ. “ఆ వర్క్‌షాపుకి నేనే పెద్ద. ఇరవై ఏళ్ళుగా ఇంకొకడు అది విప్పు, ఇది బిగించు అంటే చేస్తున్నా. ఒక్కసారి నేను అనాలని నాకుండదా? ఇప్పుడు వదిలితే మళ్ళీ రాదు. రిటైరయ్యేదాకా నట్లు ఏరుకుంటూ ఉండాలి.”

ఆవిడ ఆయన వేళ్ళు చూసింది. ఎంత కడిగినా గోళ్ళ పక్కన నలుపు పోదు. ఆ నలుపు మీద ఆవిడకు కోపం ఎప్పుడూ లేదు. ఇప్పుడూ రావడం లేదు. రాకపోవడం వల్లే మాట కష్టమైంది.

“ఉంటుంది,” అంది చివరికి. “నాకూ ఉంటుంది. వచ్చే నెల నుంచి నా కింద ఇద్దరు వస్తారు. డాక్టరుగారు రెండో గది కట్టిస్తున్నారు. ఇది మీకు తెలీదు. ఎందుకు తెలీదు? మీరు అడగలేదు. అడిగుంటే మీది మీరు చెప్పేవారు, నాది నేను చెప్పేదాన్ని. పోట్లాడుకునేవాళ్ళం. ఓడిపోయేదాన్నేమో. ఓడినా మీ గీత కోసం ఓడాను అనుకుని పెట్టెలు కట్టేదాన్ని. ఇన్నిసార్లు కట్టలేదూ? కానీ మీ చొక్కా మీద గీత కోసం నా నుదుటి మీద గీత మీరే గీసేశారు. పైగా నా సంతకం పెట్టి.”

“అభ్యంతరం ఉండదనుకున్నా.”

“అభ్యంతరం లేదండీ. ఉన్నదల్లా అంతరం.”

ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. అయినా గుమాస్తా పెన్సిలు కింద పడింది.

దాన్ని ఆయన వంగి వెతుక్కుంటూ ఉండగానే, మెట్ల మీద బ్యూగిల్ మోగింది.

“వదినా! వచ్చేశాం!”

ముందు ఆవిడ, వెనక ఆవిడ మొగుడు, ఆ వెనక లైన్లో నాలుగిళ్ళవాళ్ళు, పిల్లలు, ఒకరి చేతిలో పూలు, ఇంకొకరి చేతిలో మిఠాయి పొట్లం. మిఠాయి అడుగుతామని చెప్పి వాళ్ళే తెచ్చారు. గుమ్మం నిండిపోయింది, మెట్లు నిండిపోయాయి.

“పటాలం బాబూ, శభాష్! పెళ్ళాం కోసం అడిగే మగాడు ఈ లైన్లో ఉన్నాడంటే...” అని మొదలుపెట్టి, లోపలి మొహాలు చూసి బ్యూగిల్ శ్రుతి తగ్గించింది. “ఏమైంది?”

పటాలం లేచి నిలబడ్డాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“నేను చెబుతా. తప్పు విన్నది నేనే కదా.”

చెప్పింది. పొద్దున ఫోన్ వచ్చిందని, అవతల బుకింగు ఆఫీసులో జనం ఎక్కువగా ఉన్నారని, ఆయన రద్దీ అన్నారని, తనకు రద్దు అని వినబడిందని. లారీ దొరకలేదు కాబట్టి తొందరపడి సామాను కట్టొద్దన్నారని, తను బదిలీయే లేదు కాబట్టి కట్టొద్దన్నారనుకున్నదని. ఆ మాట పట్టుకుని గోడకు మేకులు కొట్టామని, ఆస్పత్రికి వెళ్ళి రాజీనామా చింపించుకుని వచ్చానని. ఎవర్నీ ఏదీ అనకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా, వినికిడి పరీక్షలో చెప్పినట్టు చెప్పింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదని కూడా చెప్పింది. కాగితం సంగతి మాత్రం చెప్పలేదు.

“అంటే రద్దు కాదా?” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“ద వత్తుకి కొమ్మిస్తే ద్దు,” అని చిన్నది బడిలో చెప్పినట్టు చేత్తో గాల్లో రాసి చూపించింది. “గుడిదీర్ఘం ఇస్తే ద్దీ. నాన్న గుడిదీర్ఘం ఇచ్చాడు, అమ్మ కొమ్ము వింది.”

మెట్ల మీద ఒకరు నవ్వారు. ఆ నవ్వు పైకి పాకింది. గుమ్మంలోవాళ్ళు నవ్వారు. గుమాస్తా, బతికిపోయానన్నట్టు, అందరికంటే గట్టిగా నవ్వాడు. బ్యూగిల్ పొట్ట పట్టుకుని, “ఒక్క కొమ్ము ఎంతమందిని పొడిచిందే తల్లీ!” అంది. ఎవరో మిఠాయి పొట్లం విప్పారు, తెచ్చాక ఎందుకు వృథా అని.

పటాలం కూడా నవ్వబోయాడు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి అయిపోయిందనుకున్నాడు. లారీ చీటీ తీసి జాగ్రత్తగా మడత పెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

చిన్నది మిఠాయి నములుతూ తల్లి కొంగు లాగింది.

“అమ్మా, అయితే వెళ్తున్నామా?”

నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆవిడ పిల్ల మూతికి అంటినది కొంగుతో తుడిచింది.

“మీ నాన్న వెళ్తున్నారు.”

“ఏమన్నావ్?” అన్నాడు ఆయన.

ఫోన్లో కాదు. హారన్లు లేవు, కేకలు లేవు. మెట్ల చివరిదాకా జనం రద్దీ, ఎక్కడా చప్పుడు లేదు.